కుదింపు: ఎవరు కుదించారు, దేన్ని కుదించారు?

ఊళ్లో ఎవరూ ‘కుదింపు’ అనరు. కూలి డబ్బులు తక్కువిస్తే ‘కోత పెట్టాడు’ అంటారు. ధాన్యం కొనేచోట బస్తాకు ఇన్ని కిలోలని తీసేస్తే ‘తరుగు తీశాడు’ అంటారు. సంతలో బేరమాడితే ‘తగ్గించు’ అంటారు. ఈ మాటలు విన్న వెంటనే ఎవరు చేశారో, ఎవరికి నష్టమో తెలిసిపోతుంది. ‘కుదింపు’ అలాంటి మాట కాదు. అది కాగితం మాట. ‘శిక్ష కుదింపు’, ‘నిధుల కుదింపు’, ‘పనిదినాల కుదింపు’, ‘సిలబస్ కుదింపు’ అని రాసినప్పుడు కుదించిన చెయ్యి కనబడదు. ఎక్కడి నుంచి ఎక్కడికి కుదించారో కూడా చాలాసార్లు కనబడదు.

ఒక్క మాట మీద ఇంత వ్యాసం ఎందుకంటే, అట్రాసిటీ కేసుల గురించి రాసేటప్పుడు మేము కూడా దీన్ని మూడు నాలుగు వేర్వేరు సంగతులకు ఒకే తీరుగా వాడేశాం. హైకోర్టు మరణశిక్షను మారిస్తే కుదింపు. రాష్ట్ర ప్రభుత్వం ఖైదీని ముందుగా వదిలితే కుదింపు. పోలీసులు పెద్ద సెక్షన్ తీసి చిన్నది పెడితే కూడా కుదింపే. ఈ మూడూ ఒకటి కావు. వీటిని అడ్డుకునే దారులు కూడా ఒకటి కావు. బాధితుల తరఫున పిటిషన్ రాయాల్సిన కార్యకర్తకు, కేసు చదివే లా విద్యార్థికి ఈ తేడా తెలియకపోతే గడువు దాటిపోయాక తప్పుడు తలుపు తట్టాల్సి వస్తుంది.

శిక్ష తగ్గే దారులు

మొదటి దారి అప్పీలు. సెషన్స్ కోర్టు మరణశిక్ష వేస్తే దాన్ని హైకోర్టు ధ్రువీకరించాలి. అక్కడ శిక్ష యావజ్జీవంగా మారవచ్చు, కేసే కొట్టేయవచ్చు. పత్రికలు ‘యావజ్జీవంగా కుదించిన హైకోర్టు’ అని రాసేది దీన్నే. చట్టం భాషలో ఇది అప్పీలు మీద శిక్షను మార్చడం. ఇది న్యాయమూర్తుల పని. దీనికి జవాబు పైకోర్టులోనే ఉంటుంది.

రెండోది ప్రభుత్వం చేసే కుదింపు. రాష్ట్రపతికి రాజ్యాంగంలోని 72వ అధికరణం కింద, గవర్నర్‌కు 161వ అధికరణం కింద ఈ అధికారం ఉంది. మామూలు చట్టంలో ఇది పాత సీఆర్‌పీసీ 433వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 474. ఇందులో శిక్ష రకమే మారుతుంది. ఉరి పోయి యావజ్జీవం వస్తుంది, కఠిన శిక్ష సాధారణ శిక్ష అవుతుంది.

మూడోది రెమిషన్. జైల్లో అందరూ వాడే మాట ఇదే. పత్రికలు ‘సత్ప్రవర్తనపై విడుదల’ అని రాస్తాయి, ఒక్కోసారి ‘క్షమాభిక్ష’ అని తప్పుగా రాస్తాయి. ఇందులో శిక్ష రకం మారదు, అనుభవించాల్సిన కాలం తగ్గుతుంది. పాత సెక్షన్ 432, ఇప్పుడు 473. క్షమాభిక్ష అంటే శిక్షనే తుడిచేయడం. రెమిషన్‌లో శిక్ష, నేరస్తుడనే ముద్ర రెండూ అలాగే ఉంటాయి. మిగిలిన రోజులు మాత్రం మాఫీ అవుతాయి.

ఇక్కడే ఒక అపోహ గురించి చెప్పాలి. ‘యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లు’ అని మన సభల్లో కూడా చెబుతుంటారు. కాదు. యావజ్జీవం అంటే మిగిలిన జీవితమంతా అని సుప్రీంకోర్టు 1961లోనే గోపాల్ వినాయక్ గాడ్సే కేసులో చెప్పింది. ఆ 14 ఏళ్ల లెక్క 1978లో చేర్చిన 433ఎ సెక్షన్ నుంచి వచ్చింది. మరణశిక్షకు అవకాశమున్న నేరాల్లో యావజ్జీవం పడ్డవాళ్లను కనీసం 14 ఏళ్లు జైల్లో ఉండకుండా ప్రభుత్వం వదలకూడదని ఆ సెక్షన్ అంటుంది. అంటే 14 ఏళ్లు కింది హద్దు. దాన్ని పై హద్దుగా చెప్పుకోవడం వల్ల, దోషి విడుదలైనప్పుడు ‘చట్టప్రకారం శిక్ష అయిపోయింది కదా’ అని బాధిత కుటుంబమే సరిపెట్టుకుంటుంది. శిక్ష అయిపోలేదు. ఎవరో ఒకరు సంతకం పెట్టి తగ్గించారు.

కృష్ణయ్య కేసులో రెండు కుదింపులు

ఈ తేడా బాగా అర్థమయ్యే కేసు మన తెలుగువాడిదే. జి. కృష్ణయ్య మహబూబ్‌నగర్ జిల్లాలో పేద దళిత కుటుంబంలో పుట్టి ఐఏఎస్ అయ్యారు. బిహార్‌లోని గోపాల్‌గంజ్ జిల్లా మెజిస్ట్రేట్‌గా ఉండగా 1994 డిసెంబరు 5న ముజఫర్‌పూర్ దగ్గర ఒక గుంపు ఆయన్ని కారులోంచి లాగి చంపింది. ఆ గుంపును రెచ్చగొట్టినందుకు మాజీ ఎంపీ ఆనంద్ మోహన్‌కు 2007లో కింది కోర్టు మరణశిక్ష వేసింది. 2008లో పట్నా హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. 2012లో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. ఇది మొదటి కుదింపు. కోర్టుల్లో, వాదనలు విని, కారణాలు రాసి చేసినది. ఇష్టమున్నా లేకపోయినా దాన్ని చదవవచ్చు, విమర్శించవచ్చు.

రెండోది వేరే తీరు. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగిని చంపినవారికి ముందస్తు విడుదల వర్తించకుండా బిహార్ జైలు మాన్యువల్‌లో ఒక మాట ఉండేది. 2023 ఏప్రిల్ 10న బిహార్ ప్రభుత్వం 481వ నిబంధనలోంచి ఆ మాటను తీసేసింది. అదే నెల 27న ఆనంద్ మోహన్ బయటికొచ్చారు. కృష్ణయ్య భార్య ఉమా కృష్ణయ్య సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. ఇక్కడ కుదించింది ఒక మనిషి శిక్షాకాలాన్ని మాత్రమే కాదు. మొదట నిబంధనను కుదించారు, దాని నీడలో శిక్ష కుదిరింది. మరో సంగతి. విడుదల అధికారం శిక్ష పడిన రాష్ట్రానిదే. హత్యకు గురైన అధికారి పుట్టిన రాష్ట్రానికి అందులో మాట లేదు. తెలంగాణలో ఎన్ని ధర్నాలు చేసినా ఫైలు పట్నాలోనే కదిలింది.

ఎవరు కుదించారన్న ప్రశ్న ఎంత ముఖ్యమో 2024 జనవరి 8న బిల్కిస్ బానో కేసులో తేలింది. 11 మంది దోషులను గుజరాత్ ప్రభుత్వం 2022 ఆగస్టు 15న విడుదల చేసింది. విచారణ జరిగింది, శిక్ష పడింది మహారాష్ట్రలో. కాబట్టి గుజరాత్‌కు ఆ అధికారమే లేదని సుప్రీంకోర్టు విడుదలను కొట్టేసింది. వాళ్లు తిరిగి జైలుకు వెళ్లాల్సి వచ్చింది.

కుదింపు మనకు శత్రువా?

కాదు. ఈ మాట వినగానే కోపం తెచ్చుకోవడం మనకు అలవాటైపోయింది కాబట్టి ఇది గట్టిగా చెప్పాలి. 1993 మార్చి 8న గుంటూరు జిల్లా చిలకలూరిపేట దగ్గర బస్సు దోపిడీ ప్రయత్నంలో మంటలు లేచి 23 మంది చనిపోయారు. ఘోరమైన నేరం. అందులో ఇద్దరు దళిత యువకులకు ఉరిశిక్ష పడింది, పైకోర్టులు ధ్రువీకరించాయి, రాష్ట్రపతి పిటిషన్‌ను తిరస్కరించారు. 1997 మార్చిలో ఉరికి తేదీ కూడా పెట్టారు. చివరి గంటల్లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. పౌరహక్కుల సంఘాలు, దళిత సంఘాలు, రచయితలు ఆ ఇద్దరి కోసం నిలబడ్డారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ వాళ్ల ఉరిని యావజ్జీవంగా మార్చారు. అప్పుడు మన సంఘాలు అడిగింది కుదింపునే.

బిహార్‌లో 1992 నాటి బారా ఊచకోత కేసులో దళితులు సహా నలుగురికి టాడా కింద ఉరి పడింది. వాళ్లు పదిహేనేళ్లకు పైగా ఉరి నీడలో ఉన్నాక 2017 జనవరిలో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు. అదే రాష్ట్రంలో 1997 డిసెంబరు 1న లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మంది దళిత, వెనుకబడిన కులాల ప్రజలను చంపిన కేసు చూడండి. కింది కోర్టు 2010లో 16 మందికి మరణశిక్ష, 10 మందికి యావజ్జీవం వేసింది. 2013 అక్టోబరు 9న హైకోర్టు 26 మందినీ వదిలేసింది. ఒక పక్క ఉరి తప్పించుకోవడానికే పదిహేనేళ్లకు పైగా పట్టింది. రెండో పక్క కుదింపు అవసరమే పడలేదు.

మన చుండూరు కూడా అంతే. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపిన కేసులో ప్రత్యేక కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులన్నది. కొన్ని వార్తల్లో దాన్ని ‘శిక్షల కుదింపు’ అన్నారు. అది కుదింపు కాదు, కొట్టివేత. మాట తప్పుగా వాడితే జరిగిన నష్టం సగమైనట్టు కనిపిస్తుంది.

అంబేడ్కర్ 1949 జూన్‌లో రాజ్యాంగ సభలో సుప్రీంకోర్టు అప్పీళ్ల గురించి మాట్లాడుతూ, ఉరిశిక్షల అప్పీళ్లకు ఏర్పాట్లు చేయడం కంటే ఉరిశిక్షనే రద్దు చేయడం మేలని తన అభిప్రాయం చెప్పారు. ఆ మాట ఈ దేశపు దళిత ఉద్యమానికి ఇబ్బంది పెట్టే వారసత్వం. ఖైర్లాంజీ తర్వాత వీధుల్లో మనం ఇచ్చిన నినాదాలు గుర్తు చేసుకుంటే ఆ ఇబ్బంది తెలుస్తుంది.

నేరాన్ని కుదించడం

ఖైర్లాంజీలో అసలు కుదిరింది ఏమిటి? మహారాష్ట్రలోని భండారా జిల్లాలో 2006 సెప్టెంబరు 29న భోత్మాంగే కుటుంబంలో నలుగురిని, తల్లి, కూతురు, ఇద్దరు కొడుకులను, ఊరివాళ్లు చంపారు. తండ్రి భయ్యాలాల్ ఒక్కడే మిగిలాడు. 2008లో కింది కోర్టు ఆరుగురికి ఉరి, ఇద్దరికి యావజ్జీవం వేసింది. 2010 జూలైలో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఉరిని 25 ఏళ్ల కఠిన కారాగారంగా మార్చింది. దేశమంతా నిరసనలు ఆ మార్పు మీదే జరిగాయి. కానీ అంతకంటే పెద్ద కుదింపు రెండేళ్ల ముందే, ఉరి వేసిన తీర్పులోనే జరిగిపోయింది. ఆ తీర్పులో అట్రాసిటీ చట్టం కింద శిక్ష లేదు. కులం కారణం కాదని, పాత పగ కారణమని తేల్చారు. హైకోర్టు కూడా దాన్ని మార్చలేదు. అంటే ఒక కుల హత్యాకాండ ఊరి తగాదాగా కుదిరింది. అప్పుడు ఉరి పడింది కాబట్టి ఎక్కువమంది ఆ సంగతి గమనించలేదు.

శిక్ష కుదింపు వేరు, నేరం కుదింపు వేరు అని మేము అంటున్నది ఇందుకే. మొదటిది కొన్నిసార్లు మనమే కోరుకుంటాం. రెండోది ఎప్పుడూ మన మీదే పడుతుంది. ఏళ్ల లెక్క ఏమాత్రం తగ్గకుండా కూడా అది జరగవచ్చు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన పాటన్ జమాల్ వలీ కేసులో పుట్టుకతో చూపు లేని దళిత యువతి మీద అత్యాచారం జరిగింది. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కులం, స్త్రీత్వం, వైకల్యం ఒకదానితో ఒకటి కలిసి ఎలా పనిచేస్తాయో లోతుగా రాసింది. అత్యాచారానికి పడిన యావజ్జీవాన్ని నిలబెట్టింది. అదే తీర్పులో అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(2)(5) కింద పడిన శిక్షను మాత్రం తీసేసింది. నేరం ‘ఆమె దళితురాలు కాబట్టే’ జరిగిందని ప్రాసిక్యూషన్ నిరూపించలేదని కారణం. జైల్లో గడపాల్సిన రోజులు ఒక్కటీ తగ్గలేదు. నేరం పేరు మాత్రం తగ్గింది.

ఆ సెక్షన్‌లోని మాటలు 2016 జనవరి 26 నుంచి మారాయి. అంతకుముందు ‘దళితుడన్న కారణంగా’ నేరం చేశాడని రుజువు చేయాలి. ఇప్పుడు ‘దళితుడని తెలిసి’ చేస్తే చాలు. దానికి తోడు 8వ సెక్షన్‌లో చేర్చిన అంశం ప్రకారం, నిందితుడికి బాధితుడితో గానీ అతని కుటుంబంతో గానీ పరిచయం ఉంటే కులం తెలుసనే కోర్టు భావించాలి, తెలియదని నిరూపించే భారం నిందితుడిదే. ఒకే ఊరివాళ్ల మధ్య జరిగే కేసుల్లో ఇది పెద్ద ఆసరా. అయినా పాత తీర్పులు చూపించి కొత్త కేసుల్ని కొట్టించే ప్రయత్నాలు ఉంటాయి. నేరం జరిగిన తేదీ 2016 జనవరి 26కు ముందా తర్వాతా అన్నది మొదట చూసుకోవాలి.

కోర్టుకు వెళ్లకముందే, పోలీస్ స్టేషన్‌లోనే జరిగే కుదింపు గురించి ఎవరూ శీర్షిక పెట్టరు. ఒక ఉదాహరణ. గొడ్డలితో కొట్టారు, మనిషి బతికాడు. హత్యాయత్నం కింద, పాత ఐపీసీ 307, ఇప్పటి బీఎన్‌ఎస్ 109 కింద కేసు పెడితే అది పదేళ్లు, గాయమైతే యావజ్జీవం దాకా పడే నేరం. పదేళ్లు, ఆపై శిక్షపడే నేరం కాబట్టి 3(2)(5) తోడవుతుంది, యావజ్జీవం దాకా వెళ్తుంది. గాయాల సర్టిఫికెట్‌లో ‘సింపుల్’ అని రాయించి, దాన్ని ప్రమాదకర ఆయుధంతో గాయపరచడంగా, పాత 324, ఇప్పటి 118(1)గా మారిస్తే గరిష్ఠ శిక్ష మూడేళ్లు. అప్పుడు 3(2)(5) ఊడిపోయి 3(2)(5ఎ) వస్తుంది. దాని శిక్ష మామూలు చట్టంలో ఉన్నంతే. ఎఫ్‌ఐఆర్ మీద ‘ఎస్సీ ఎస్టీ చట్టం’ అని ఉంటుంది కాబట్టి కుటుంబం ఊరుకుంటుంది. లోపల యావజ్జీవం మూడేళ్లయింది.

సెక్షన్లు పూర్తిగా పోతే నష్టం శిక్షతో ఆగదు. ఈ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లు దాటిన దోషికి ప్రొబేషన్ వర్తించదు, మందలించి వదిలేయడం కుదరదు. చట్టం పక్కకు పోతే ఆ తలుపు తెరుచుకుంటుంది. ముందస్తు బెయిల్‌ను అడ్డుకునే 18వ సెక్షన్ కూడా పోతుంది. పరిహారం కూడా సెక్షన్‌ను బట్టే. 2016 నిబంధనల పట్టికలో హత్యకు 8,25,000 రూపాయలు, అందులో సగం పోస్టుమార్టం తర్వాత, సగం చార్జిషీటు కోర్టుకు చేరాక. కులం పేరుతో దూషించినందుకు లక్ష, అది మూడు విడతలు.

సరైన సెక్షన్ల కింద ఎఫ్‌ఐఆర్ నమోదు చేయకపోవడం దానికదే నేరమని చాలామందికి తెలియదు. 4వ సెక్షన్ ప్రకారం, ఎస్సీ ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి కావాలని ఆ విధిని నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు. దానికి ముందు శాఖాపరమైన విచారణ సిఫార్సు కావాలి. అందుకే ఆ సెక్షన్ పుస్తకంలోనే ఎక్కువ కనిపిస్తుంది. అయినా మొదటి పిటిషన్‌లోనే దాన్ని రాసి, రసీదు తీసుకున్న చోట్ల సెక్షన్ మార్చే ముందు పోలీసులు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

చట్టాన్నే కుదిస్తే దానికి మన ఉద్యమంలో మంచి మాట ఉంది: ‘నీరుగార్చడం’. 2018 మార్చి 20న సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసులో సుప్రీంకోర్టు అరెస్టుకు ముందు అనుమతి, ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అంటూ ఆంక్షలు పెట్టినప్పుడు ఆ మాట ప్రతి గోడ మీదా కనిపించింది. ఏప్రిల్ 2 భారత్ బంద్ తర్వాత పార్లమెంటు 18ఎ చేర్చింది. 2019 అక్టోబరు 1న సుప్రీంకోర్టే ఆ ఆదేశాలను వెనక్కి తీసుకుంది. ‘నీరుగార్చారు’ అన్నప్పుడు ఎవరో ఒకరు చేశారని వినిపిస్తుంది. ‘నిబంధనల సడలింపు, కుదింపు’ అని ఉంటే బంద్ జరిగేదా అని మాకు అనుమానం.

పుస్తకంలో, బడ్జెట్‌లో

విద్యార్థులకు దగ్గరి ఉదాహరణ ఒకటి. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ ‘హేతుబద్ధీకరణ’ పేరుతో పాఠాలు తగ్గించింది. మన పత్రికలు ‘సిలబస్ కుదింపు’ అన్నాయి. పన్నెండో తరగతి రాజనీతి శాస్త్రంలో ప్రజా ఉద్యమాల మీద ఒక పాఠం మొత్తం పోయింది. దళిత్ పాంథర్స్ గురించి, నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం గురించి ఉన్న పాఠం అదే. దాన్ని కుదింపు అనడం సరికాదు. కుదిస్తే కొంత మిగలాలి.

బడ్జెట్ కాగితాల్లో ఈ మాట వాడరు. ‘సవరించిన అంచనా’ అంటారు. ఉపాధి హామీకి 2022-23లో సవరించిన అంచనా 89,400 కోట్లు. తర్వాతి ఏడాది బడ్జెట్‌లో పెట్టింది 60,000 కోట్లు. ఏడాది మధ్యలో పెంచారు, నిజమే. కానీ మొదట్లో తక్కువ పెడితే పని అడిగినవాళ్లకు పని దొరకదు, చేసినవాళ్లకు కూలి ఆలస్యమవుతుంది. ఆ నెలల్లో ఊళ్లో అనే మాట మళ్లీ ‘కోత’.

వినే హక్కు

2016 నుంచి అమల్లో ఉన్న 15ఎ సెక్షన్ గురించి చెప్పి ముగిస్తాం. అట్రాసిటీ కేసులో బెయిల్ సహా ప్రతి విచారణ గురించి బాధితులకు సరైన సమయంలో నోటీసు ఇవ్వాలని దాని మూడో ఉపసెక్షన్ అంటుంది. ఐదో ఉపసెక్షన్ ఇంకా స్పష్టం. బెయిలు, డిశ్చార్జి, విడుదల, పెరోలు, నేర నిర్ధారణ, శిక్ష, వీటిలో ఏ విషయం మీద విచారణ జరిగినా బాధితులు లేదా వాళ్ల మీద ఆధారపడినవాళ్లు తమ మాట చెప్పుకోవచ్చు, రాతపూర్వకంగా వాదన ఇవ్వవచ్చు. ఈ హక్కు తప్పనిసరి అని 2021 అక్టోబరులో హరిరాం భంభీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాధితుల్ని వినకుండా ఇచ్చిన బెయిల్‌ను రద్దు చేయించడానికి ఆ తీర్పు ఉపయోగపడుతుంది.

ఆ వాదన రాసేటప్పుడు ‘శిక్ష కుదించవద్దు’ అని ఒక్క వాక్యంతో ఆపవద్దు. ఏ సెక్షన్ కింద ఎంత శిక్ష పడింది, ఎవరు ఏ అధికారంతో తగ్గించబోతున్నారు, తగ్గిస్తే ఎంత మిగులుతుంది, విడుదలైన మనిషి ఏ వీధిలో, బాధితుల ఇంటికి ఎంత దూరంలో ఉంటాడు, సాక్షులకు ఇప్పటివరకు ఎన్ని బెదిరింపులు వచ్చాయి, వాటి మీద ఇచ్చిన ఫిర్యాదుల తేదీలేమిటి, ఇవన్నీ రాయండి. తీర్పు నకలు, చార్జిషీటు నకలు దగ్గర పెట్టుకోండి. చార్జిషీటు పడిన రోజే సెక్షన్లను ఎఫ్‌ఐఆర్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. ఎఫ్‌ఐఆర్‌లో ఉండి చార్జిషీటులో లేని సెక్షన్ ఏదైనా ఉంటే, విచారణ మొదలై అభియోగాలు ఖాయం కాకముందే ప్రత్యేక కోర్టు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.